వరసలో చివరి మనిషి

మా కుటుంబం స్కీల మీద కొండకు బయల్దేరితే ముందు తాతయ్య ఉంటాడు, చివర నాన్న ఉంటాడు. మధ్యలో మిగతావాళ్ళం ఎలా ఉన్నా అడిగేవాడు లేడు. ముందు నడిచేవాడికి దారి తెలిస్తే చాలు, చివర నడిచేవాడు మాత్రం అందరికంటే గట్టివాడై ఉండాలి అనేవాడు తాతయ్య. ఎవరు పడ్డా లేపాల్సింది వాడే, ఎవరి చేతితొడుగు జారినా ఏరాల్సింది వాడే, పొద్దు వాలుతున్నా పిల్లల్ని కసరకుండా ఇల్లు చేర్చాల్సింది వాడే. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ చోటు నాన్నది. వెనక్కి తిరిగి చూడకుండానే నాన్న ఉన్నాడని నాకు తెలిసేది.

నాకు పదేళ్ళు నిండిన ఏడాది ఈస్టర్ సెలవులకు హాల్లింగ్ లోయ పైన ఉన్న మా కొండింటికి వెళ్ళేసరికి ఆ చోటు ఖాళీ అయింది. అంతకుముందు వేసవి ముగిశాక అమ్మా నాన్నా విడిపోయారు. అరుపులూ కేకలూ ఏమీ లేవు. నాన్న ఎక్కడో ఉత్తరాన త్రోమ్సొలో ఉద్యోగం చూసుకుని, తన స్కీలు భుజాన వేసుకుని, నన్నూ తమ్ముణ్ణీ ముద్దుపెట్టుకుని రైలెక్కాడు. చలికాలం సగం గడిచాక అమ్మకు ప్రేబెన్ పరిచయమయ్యాడు. ఓస్లోకీ కోపెన్‌హేగన్‌కీ మధ్య తిరిగే ఓడలో వంటవాడు. డెన్మార్క్ మనిషి. పొడుగ్గా, మెత్తగా, ఎప్పుడూ ఎవరికో అడ్డం వచ్చానేమో అన్నట్టు ఒదిగి నిలబడేవాడు. ఆ సెలవులకు అమ్మ అతన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.

చేరిన సాయంత్రమే అమ్మ నన్ను నీళ్ళకని వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. గడ్డకట్టిన వాగులో గునపంతో గొయ్యి చేస్తూ, నా మొహం చూడకుండా అడిగింది.

"తూరున్, వేసవి నుంచి ప్రేబెన్ మనింట్లోనే ఉంటే నీకెలా ఉంటుంది?"

"నేను వద్దంటే?"

"వద్దంటే రాడు. ఐవిన్ చిన్నవాడు, వాణ్ణడిగితే చాక్లెట్టిచ్చిన ఎవణ్ణైనా రమ్మంటాడు. నిన్నే అడుగుతున్నా. ఇప్పుడే చెప్పక్కర్లేదు, సెలవులయ్యేలోపు చెప్పు."

నా జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. వద్దు. కానీ వెంటనే చెబితే అమ్మ పది రోజులపాటు నాకు నచ్చజెబుతుంది, ఆఖరి రోజున చెబితే వాదించడానికి వ్యవధి ఉండదు. పదేళ్ళ బుర్రకు తట్టిన రాజకీయం అది. ఆ మాటను నాలుక చివర పెట్టుకునే తిరిగాను.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో అందరం స్కీలు తొడుక్కుని నిలబడ్డాం. తాతయ్య అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, "చివర ఎవరు?" అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. అమ్మమ్మ తన తొడుగులు సర్దుకుంటూ ఉండిపోయింది.

"నేనుంటాలే," అంది అమ్మ.

అమ్మ చివర ఉండనే లేదు. వంద అడుగులు వెయ్యకముందే ప్రేబెన్ ఆమెకంటే వెనకబడ్డాడు. తాతయ్య అరువిచ్చిన పాత స్కీల మీద ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ పోతుంటే మధ్యలో నిలువునా కూలబడ్డాడు. మంచు బండిలో దుప్పట్లలో కూర్చున్న ఐవిన్ చప్పట్లు కొట్టాడు. వాడికి నాలుగున్నరేళ్ళు, అప్పుడప్పుడే అంకెలొస్తున్నాయి.

"ఒకటి!" అని అరిచాడు.

మధ్యాహ్నానికి పడ్డ లెక్క పదకొండుకి చేరింది. ఆ పైన వాడికి లెక్క రాలేదు.

"తలెత్తి ముందుకు చూడవయ్యా!" అని తాతయ్య గంటకోసారి అరిచేవాడు. "స్కీల్ని చూస్తే ఏముంది, అవెక్కడికీ పారిపోవు."

"పారిపోతున్నాయండీ," అనేవాడు ప్రేబెన్, కిందికి చూస్తూనే.

"కొండే లేని మీ దేశంలో అన్నిటికంటే ఎత్తయినదేంటి? ఆవు మీద కూచున్న మనిషా?"

"అవునండీ. ఆవు లేచి నిలబడితే ఇంకా ఎత్తు."

అమ్మమ్మ పకపకా నవ్వింది. "హాల్వోర్, ఊరికే ఆ పిల్లాణ్ణి సాధించకు. చివర ఎవరా అని దిగులుపడ్డావుగా, దొరికాడుగా చివరి మనిషి!"

తాతయ్య నవ్వలేదు. "వెనకబడటం వేరు, వెనక ఉండటం వేరు," అన్నాడు.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నా బదులు తాతయ్య చెప్పేశాడనిపించింది. రాత్రి పక్కలో పడుకుని దాన్ని మళ్ళీమళ్ళీ అనుకున్నాను.

తాతయ్య మాత్రం ప్రేబెన్ వంటను ఏమీ అనలేకపోయాడు. కట్టెల పొయ్యి మీద, రెండంటే రెండు గిన్నెల్లో, ఉప్పుచేపనీ బంగాళదుంపనీ కలిపి ఏం చేసేవాడో గానీ తాతయ్య మూడోసారి వడ్డించుకునేవాడు. వడ్డించుకుంటూ, "అల్లుడు పోతే పోయాడు గానీ, ఆ వాలు మీద వాడిలా దిగేవాడు ఈ లోయలో లేడు," అనేవాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు, గిన్నెతో అన్నట్టు. ప్రేబెన్ తలూపేవాడు. అతని స్థానంలో ఇంకెవరున్నా నొచ్చుకునేవారు. అతను మాత్రం, "ఎలా దిగేవాడండీ?" అని అడిగేవాడు, నిజంగా తెలుసుకుందామని. తాతయ్యకు జవాబు చెప్పక తప్పేది కాదు. చెబుతూ చెబుతూ చేతులతో మలుపులు చూపించేవాడు.

బుధవారంనాడు ఇంటి వెనక చిన్న వాలు దగ్గర తమ్ముడూ ప్రేబెనూ ఒకే బడిలో చేరారు. పంతులు అమ్మమ్మ. "స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చండి, మడమలు దూరం పెట్టండి, మోకాళ్ళు వంచండి. మొండెం కాదు నాయనా, మోకాళ్ళు!" ఐవిన్ నాలుగుసార్లు దొర్లాడు. అయిదోసారి పైనుంచి బయల్దేరి, నోరు తెరుచుకుని, చేతులు రెండూ గాల్లో పెట్టుకుని, ఎవరూ పట్టుకోకుండా, ఎక్కడా పడకుండా, కట్టెల గూడు దాకా వచ్చి ఆగాడు. ఆగి, తను ఆగానని నమ్మలేక కింద తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"పడలేదు!" అన్నాడు మెల్లగా. తర్వాత కొండలన్నీ వినేలా అరిచాడు. "నేను పడలేదు! ప్రేబెన్, నేను పడలేదు!"

వాడు పిలిచింది అమ్మనీ కాదు, నన్నూ కాదు. ప్రేబెన్ పైనుంచే రెండు కర్రలూ ఎత్తి జేజేలు కొట్టాడు. ఆ ఊపులో స్కీలు కదిలాయి. అలాగే జారుకుంటూ వచ్చి మా వాడి పక్కనే మంచులో తలదాకా కూరుకుపోయాడు. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని చాలా నెలలయింది. నాకు సంతోషం వెయ్యాలి కదా, ఒళ్ళు మండింది. నాన్న ఐవిన్‌కు ఈ వాలు నేర్పిస్తానని మాటిచ్చి వెళ్ళాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

గుడ్ ఫ్రైడేనాడు పెద్ద ప్రయాణం. గ్రోనుటెన్ కొండ భుజం మీదికి ఎక్కి, అక్కడ మంచులో గొయ్యి తవ్వుకుని, ఎండకు మొహాలు పెట్టుకుని కూర్చుని తినడం ఏటేటా ఉన్నదే. ఆ ఏడాది నాకు మాత్రం ఇంకో పండగ కూడా ఉంది. మా ఇంట్లో పదేళ్ళు నిండినవాళ్ళు గుడ్ ఫ్రైడేనాడు మంచు మీద పట్టు దొరకడానికి తమ స్కీల అడుగున తామే మైనం రాసుకోవాలి. ఏది రాశావని ఎవరూ అడగకూడదు, ఏది రాయాలో ఎవరూ చెప్పకూడదు. తప్పు రాస్తే కొండే చెబుతుంది. మా అమ్మ విగ్డిస్ కూడా ఇలాగే మొదలుపెట్టిందట.

గట్టి చలికి నీలం డబ్బా, మంచు చెమ్మగిల్లే రోజులకు ఎర్ర డబ్బా. ఇది మా లోయలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ నేను డబ్బాల పెట్టె తెరిచినప్పుడు బయటి చలి గురించి ఆలోచించలేదు. పోయినేడు ఇదే గుడ్ ఫ్రైడేనాడు, ఇదే మెట్టు మీద కూర్చుని నాన్న నా స్కీలకు ఎర్రది రాశాడు. అరచేత్తో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. నేనూ అదే మెట్టు మీద కూర్చుని, ఎర్రదే తీసి, అరచేత్తో అలాగే రుద్దాను. తాతయ్య గుమ్మంలోకి వచ్చి నోరు తెరవబోతే అమ్మమ్మ ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగేసింది. "విగ్డిస్‌ని అడిగావా ఆనాడు? దీన్నీ అడక్కు."

సరస్సు మీద పాత జాడ గట్టిపడి ఉంది కాబట్టి కాస్త బరువనిపించినా సాగాను. ఎక్కుడు మొదలై, రాత్రి కురిసిన కొత్త మంచులోకి వచ్చామో లేదో, కాళ్ళ కింద ఏదో లావెక్కడం మొదలైంది. అడుగుకో ముద్ద అతుక్కుంటోంది. స్కీలు జారడం మానేసి, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్నట్టు నన్ను పైకెత్తాయి. విదిలిస్తే ఊడవు, తొక్కితే ఊడవు. ముందు తాతయ్య, వెనక అమ్మమ్మ, ఆ వెనక మంచు బండి లాక్కుంటూ అమ్మ, ముగ్గురూ వీపులు చూపిస్తూ పోతున్నారు. కేకేస్తే వినబడే దూరమే. వెయ్యలేదు. పదేళ్ళు నిండి, తొలిసారి నా అంతట నేను మైనం రాసుకుని, గంట తిరక్కుండానే తాతయ్యా అని పిలవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

ప్రేబెన్ ఎక్కడో కింద చుక్కలా ఉన్నాడు. అతను రాకముందే ముద్దలు గీకేసుకుందామని జాడ వదిలి పక్కకు పోయి, పెద్ద రాతి వెనక కూర్చున్నాను. గోళ్ళతో గీకాను. మంచు ఊడేది, మైనం ఊడేది కాదు. మళ్ళీ మంచు అంటుకునేది. వేళ్ళు కొంకర్లు పోయాయి. సన్నగా గాలి లేచి పొడి మంచును జాడల మీదికి ఊడుస్తోంది. భయమేమీ లేదుగాని, ఏడుపు మాత్రం వచ్చింది. నాన్న ఉంటే ఈపాటికి నా వెనకే నిలబడి ఉండేవాడు. నాన్న ఉంటే అసలు ఈ రాతి వెనక్కి వచ్చేదాన్నే కాదు.

రొప్పుతూ, ఈడుస్తూ ఎవరో వస్తున్న చప్పుడయింది. ఊపిరి బిగబట్టాను. దాటిపోతాడనుకున్నాను. చప్పుడు రాతి దగ్గరికి వచ్చి ఆగింది.

"తూరున్?"

పలకలేదు.

"పలక్కపోయినా పర్లేదు. ఇక్కడే ఉన్నావని తెలుసు."

"ఎలా తెలుసు?" అనేశాను కోపంగా.

"తలెత్తితే పడతానుగా, పొద్దున్నుంచీ కిందే చూస్తున్నా. తాతయ్య కర్రల గుంటలు లోతుగా ఉంటాయి. అమ్మమ్మవి దగ్గర దగ్గరగా ఉంటాయి. మీ అమ్మ వెనక బండి జాడ. నీవి అన్నిటికంటే చిన్నవి. ఈ రాయి దగ్గరికొచ్చేసరికి చిన్నవి లేవు."

రాయి చుట్టూ వచ్చి, నా పక్కన కూర్చోబోయి, సగం పడి, అలాగే కూర్చున్నాడు. నా స్కీ ఒకటి చేతిలోకి తీసుకుని అడుగుభాగం కేసి చాలాసేపు చూశాడు. బెత్తెడు మందాన మంచు పేరుకుని ఉంది.

"ఇది మామూలేనా?" అని అడిగాడు.

నవ్వొచ్చింది నాకు. ఆపుకున్నాను. "కాదు. గీకెయ్యాలి. గీకే బద్ద తాతయ్య సంచిలో ఉండిపోయింది."

అతను వీపు మీది సంచి దించి మూత విప్పాడు. "నా దగ్గర ఏమున్నాయో చూద్దాం. రొట్టెలున్నాయి. కమలాపళ్ళున్నాయి. చీజ్ గీసే కత్తుంది."

ఇద్దరం ఆ కత్తికేసి చూశాం.

"అమ్మమ్మ చంపేస్తుంది," అన్నాను.

"చంపితే ఇద్దర్నీ చంపుతుంది. పట్టుకో ఆ చివర."

నేను పట్టుకున్నాను, అతను గీశాడు. వంటవాడి చెయ్యి కదా, చర్మం ఒలిచినట్టు చుట్టలు చుట్టలుగా ఎర్ర మైనం ఊడొచ్చింది. అతను ఇప్పుడు అడుగుతాడు, ఎందుకిలా రాశావని. లేకపోతే బేరం పెడతాడు, నేను తాతయ్యకు చెప్పను, నువ్వు అమ్మకు సరేనని చెప్పు అని. పెద్దవాళ్ళు అలాగే చేస్తారని నాకు గట్టి నమ్మకం. కాచుకుని కూర్చున్నాను. అడగలేదు. చివరికి నేనే ఉండబట్టలేకపోయాను.

"తాతయ్యకి చెప్తావా?"

"ఏమని చెప్పను? నాకు మైనం సంగతేం తెలుసు." కాసేపు గీశాక అన్నాడు. "ఓడెక్కిన మొదటి రోజు నలభైమందికి చేపలు పొయ్యిలో పెట్టా. పొయ్యి వెలిగించలేదు. గంటసేపు దాని ముందు నిలబడ్డా, ఇంకా ఉడకవేంటా అని. పక్కనే పెద్ద వంటాయన ఉన్నాడు. అడిగితే చిన్నతనమని అడగలేదు."

"తర్వాత?"

"నలభైమందీ రొట్టె తిన్నారు."

లేచి స్కీలు తొడుక్కున్నాను. మైనం పోయింది కాబట్టి ముద్దలు కట్టడం లేదు, కానీ పట్టు లేక రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతున్నాను. "నువ్వు ముందు నడువు," అన్నాడు ప్రేబెన్. "నేను వెనక వస్తా. నిన్ను దాటిపోయేంత పనితనం నా దగ్గర లేదు, ఆ బెంగ పెట్టుకోకు."

అలా ఎక్కాం. ఇరవై అడుగులకోసారి వెనక దభీమని చప్పుడు, తర్వాత వాళ్ళ భాషలో ఏదో తిట్టు, తర్వాత మళ్ళీ స్కీల రాపిడి. సగం ఎక్కుడు అయ్యాక గానీ నాకు తట్టలేదు, నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదని.

మేం పైకి చేరేసరికి తాతయ్య వెనక్కి రావడానికి మళ్ళీ స్కీలు తొడుక్కుంటున్నాడు. అమ్మ మొహం పాలిపోయి ఉంది. గోతిలో జింక తోళ్ళు పరిచి ఉన్నాయి, ఎండ కాస్తోంది. అందరం కూర్చున్నాం. అమ్మమ్మ ప్రేబెన్ సంచిలోంచి కత్తి తీసి చీజ్ మీద పెట్టబోయి ఆగింది.

"ఇదేంటమ్మా, కత్తికి ఎర్ర రంగు పూశారు?"

"అది నేనేనండీ," అని ప్రేబెన్ మొదలుపెట్టాడు. "దార్లో నేను…"

"నేను ఎర్ర మైనం రాశాను," అన్నాను.

"ఎర్రదా!" తాతయ్య చేతిలో కప్పు తొణికింది. "మైనస్ ఏడులో ఎర్రదా? ఎందుకే?"

"నాన్న గుడ్ ఫ్రైడేకి ఎర్రదే రాసేవాడు."

ఐవిన్ ఒక్కడే కమలాపండు జుర్రుకుంటున్నాడు. తాతయ్య కప్పు మంచులో గుచ్చి, నా టోపీ సరిచేశాడు. అది సరిగ్గానే ఉంది.

"పోయినేడు పండగ ఏప్రిల్ సగంలో పడింది తల్లీ. ఈ ఏడు మార్చిలోనే వచ్చేసింది. మీ నాన్న పండగని చూసి రాసేవాడు కాదే, మంచుని చూసి రాసేవాడు." ఆయన మళ్ళీ నా టోపీ ముట్టుకున్నాడు. "వాడంత బాగా మంచుని చూసేవాడు లేడు."

తాతయ్యకు కూడా నాన్న మీద బెంగగా ఉందని నాకు అప్పుడు తెలిసింది. అంతవరకూ ఆ బెంగ నా ఒక్కదానిదే అనుకున్నాను.

తిన్నాక తాతయ్య నా స్కీలకు నీలం రాసిచ్చాడు. అందరం లేచి సంచులు తగిలించుకున్నాం. ముందుకు వెళ్ళి నిలబడ్డ తాతయ్య మళ్ళీ అలవాటుగా, "చివర ఎవరు?" అన్నాడు.

అమ్మ చెయ్యెత్తబోయింది.

"ప్రేబెన్," అన్నాను నేను.

తాతయ్య కనుబొమలు ముడిచాడు. "వెనకబడటం వేరు, వెనక ఉండటం వేరు అని చెప్పానా లేదా?"

"చెప్పావు. ఇవాళ వెనక ఉన్నాడు."

తాతయ్య నన్ను చూశాడు, అతన్ని చూశాడు, తిరిగి దారి పట్టాడు. అమ్మ సంచి పట్టీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాగు దగ్గర అడిగిన దానికి జవాబు వచ్చిందని ఆమెకు తెలుసు. ఇచ్చానని నాకూ తెలుసు. గొప్ప పని చేశానని అనిపించలేదు. మేకుకు తగిలించి ఉన్న నాన్న కోటు తీసి వేరేవాళ్ళకు ఇచ్చేసినట్టనిపించింది. ఆ వాలంతా ఏడుస్తూనే దిగాను. గాలికి కళ్ళనీళ్ళు చెవుల దాకా పోయాయి కాబట్టి ఎవరూ చూడలేదు.

సోమవారం తిరుగు ప్రయాణం కట్టాం. లోయలోకి దిగాక పెట్రోలు బంకు దగ్గర ఫోను గది ఉంది. కారు ఆగగానే అమ్మ నెమ్మదిగా అంది. "నాన్నకి నేను చెప్తాలే తూరున్. నువ్వు బాధ పెట్టుకోకు."

"వద్దు. నేనే చెప్తా."

అమ్మ నాకేసి చూసి, సరేనని తలూపి కార్లోనే ఉండిపోయింది. నేనొక్కదాన్నే వెళ్ళి తలుపు వేసుకుని నంబరు తిప్పాను.

"నాన్నా, గుడ్ ఫ్రైడేనాడు నా స్కీలకి నేనే రాసుకున్నా. ఎర్రది."

"ఎంతుంది చలి?"

"మైనస్ ఏడు."

నాన్న గట్టిగా నవ్వాడు. "ముద్దలు కట్టిందా?"

"ఇంత ఎత్తున కట్టింది."

"దేంతో గీకావు?"

"చీజ్ కత్తితో."

ఇంకా నవ్వాడు. మీ అమ్మమ్మ ఊరుకుందా అన్నాడు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగాను.

"నేను కాదు, ప్రేబెన్ గీకాడు. నేను వెనకబడిపోతే వెతుక్కుంటూ వచ్చాడు." ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ చెప్పాను. "ఇప్పుడు చివర ప్రేబెన్ వస్తున్నాడు నాన్నా. తాతయ్యకి నేనే చెప్పాను. వేసవి నుంచి మనింట్లో… మా ఇంట్లో ఉంటాడు."

ఫోను పెట్టేశాడేమోనని భయమేసింది.

"నెమ్మదిగా వస్తాడా?" అని అడిగాడు నాన్న చివరికి.

"చాలా నెమ్మది. ఊరికే పడతాడు."

"అయితే నువ్వు మరీ ముందుకెళ్ళిపోకు తల్లీ," అన్నాడు. "అతనికి కనబడేంత దూరంలో ఉండు."

సరేనన్నాను. ఫోను చాలాసేపు ఎవరం పెట్టలేదు.